కారే నీరు, ఇంకే నీరు

డాక్టర్ కె.ఎల్.రావు స్మారకోపన్యాసం, మాచవరం



కె.ఎల్.రావు గారి పేరున జరిగే సభల్లో వక్తలు సాధారణంగా నాగార్జునసాగర్‌తో మొదలుపెట్టి గంగా–కావేరి అనుసంధానంతో ముగిస్తారు. ఆయన జీవితం అలాంటిది మరి. 1902లో కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే ఒక కంటి చూపు పోయింది. గిండీలో ఇంజనీరింగు చదివి, బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు చేసి, కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా దాదాపు పదేళ్లు పనిచేశారు. తన ఆత్మకథకు ‘క్యూసెక్స్ క్యాండిడేట్’ అని పేరు పెట్టుకున్నారు. ఓట్లను కూడా క్యూసెక్కుల్లో లెక్కవేసుకున్న మనిషి. ఇవాళ పులిచింతల జలాశయానికి ఆయన పేరే ఉంది. 45.77 టీఎంసీల ఆ నీటి అంచు మన మండలం దాకా వచ్చింది. రేకులగడ్డ వంటి ఊళ్లు దానికోసం లేచిపోయాయి. కె.ఎల్.రావు సాగర్ ఒడ్డున నిలబడి కె.ఎల్.రావును తలచుకుంటున్నామన్నమాట.

అయినా నేను ఈరోజు మాట్లాడబోయేది ఐదు మీటర్ల ఎత్తు కూడా దాటని మట్టికట్ట గురించి. ఊరి పైన వాగుకు అడ్డంగా వేసిన కట్ట, దానికి ఒక తూము, ఒక పక్కన అలుగు. అంతే. పాతిక ఎకరాల మేర నీరు పరుచుకుని, సగటున ఒకటిన్నర మీటరు లోతు ఉందనుకుంటే అందులో పట్టేది లక్షన్నర ఘనపు మీటర్లు. అలాంటి కుంటలు ఎనిమిది వేలకు పైగా కలిస్తే గాని ఒక పులిచింతల కాదు. మంత్రిగారి పేరున ఇంత చిన్న సంగతేమిటని ఎవరైనా అనుకుంటే, నా జవాబు ఒక్కటే. పులిచింతల నీరు పల్లంలో ఉంది, మన పొలాలు మెరకన ఉన్నాయి. కళ్లెదుట కనిపించే నీటికీ మన మొక్కకూ మధ్య మోటార్లు, పైపులు, కరెంటు బిల్లులు ఉన్నాయి. నెత్తిన పడిన వాన ఒక్కటే ఎవరూ ఎత్తిపోయకుండా మన దగ్గరికి వచ్చే నీరు. దాన్ని ఆపేది ఈ మట్టికట్టే.

మన పల్నాడు నీళ్లకు కరువైన సీమ అన్న పేరు ఈనాటిది కాదు. ఇక్కడి జొన్నకూటిని, ఇక్కడి ఎద్దడిని ఎగతాళి చేస్తూ శ్రీనాథుడు చెప్పాడనే చాటువులు మీకు నాకంటే బాగా వచ్చు. 1832–33 నందన కరువులో గుంటూరు సీమ గుల్లయింది. ఆ గుణపాఠంతో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు, 1855కి పూర్తయింది, డెల్టా పచ్చబడింది. మెరకన ఉన్న పల్నాటికి ఆ ఆనకట్ట వల్ల చుక్క రాలేదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలేదాకా, అంటే మరో నూటపన్నెండేళ్లు, ఈ సీమ వానను, వాగును, బావిని నమ్ముకునే బతికింది. మరి ఇన్నేళ్లూ కాకతీయుల ఓరుగల్లులాగా, రాయలసీమలాగా మనకు ఊరూరా పెద్ద చెరువులు ఎందుకు లేవు? మన పెద్దలకు కట్టడం చేతకాకనా?

నేలను చూస్తే జవాబు దొరుకుతుంది. మన కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి, దాని మీద నాపరాయి పొరలు, వాటిపైన నల్లరేగడి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు అన్నం పెడుతున్నది ఈ రాయే. సున్నపురాయికి ఒక గుణముంది. వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి కాస్త ఆమ్లగుణాన్ని కలుపుకుని పగుళ్లలో దిగుతుంది, దిగినచోటల్లా రాతిని కొంచెం కొంచెం కరిగిస్తుంది. వేల ఏళ్లకు పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది. గుత్తికొండ బిలం చూసినవారికి ఈ సంగతి వివరించనక్కర్లేదు. పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఆ బిలంలోకే వెళ్లాడని చెప్పుకుంటారు. ఆ కథ సంగతి ఎలా ఉన్నా, పైన నేల నెర్రెలిచ్చే ఎండల్లో కూడా లోపల గుహలో నీరుంటుందన్నది కంటికి కనబడే నిజం. ఇలాంటి నేల మీద చెరువు కడితే నిండుతుంది గాని నిలవదు. సంక్రాంతికి ఆరిపోయే చెరువును నమ్మి వరి వేసేదెవరు?

ఇక్కడ పోరుమామిళ్ల శాసనం సంగతి చెప్పాలి. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో కడప సీమలో చెరువు కట్టించి వేయించిన శాసనం అది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెబుతుంది. దానికంటే విలువైన మాట ఇంకొకటి ఉంది అందులో. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలట, ఆరు దోషాలు ఉండకూడదట. ధర్మం తెలిసిన, డబ్బున్న రాజు ఉండాలి. నీటిశాస్త్రం తెలిసినవాడుండాలి. గట్టి మన్ను ఉన్న నేల కావాలి. తీయని నీటి వాగు, కట్టకు ఆనుకునే కొండలు, మరీ పొడవుగాని గట్టి కట్ట, దగ్గరలో రాతిగని, పని తెలిసిన జనం, ఇలా సాగుతుంది జాబితా. దోషాల్లో ఒకటి కట్టలోంచి నీరు కారడం. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒకటి, నీరు ఎక్కువై నేల చాలకపోవడం మరొకటి. రెండు రాజ్యాల సరిహద్దున చెరువుండటం కూడా దోషమే. ఈ దోషాన్ని మన అంతర్రాష్ట్ర జలవివాదాల ట్రిబ్యునళ్ల గోడల మీద చెక్కిస్తే బాగుండేది.

ఈ కొలబద్దతో చూస్తే మన కుంట పరీక్ష తప్పుతుంది. గట్టి మన్ను అన్న అంగమే మనకు లేదు. అడుగున నీరు దిగిపోతుంది. అందుకే ప్రభుత్వ లెక్కల్లో ఇలాంటి కుంటల పక్కన ‘నీరు నిలవదు’ అనో, ‘ఆయకట్టు లేదు’ అనో రాసి పక్కన పెట్టడం అలవాటైంది. నేను కాదంటున్నది ఈ తీర్పునే. కట్టలోంచి కారే నీరు వేరు, అడుగున ఇంకే నీరు వేరు. మొదటిది కట్టను చంపుతుంది. రెండోది బావిని బతికిస్తుంది. రెండింటినీ కలిపి ‘నష్టం’ అనే ఒకే ఖాతాలో రాయడం వల్ల మెట్ట ప్రాంతంలో చిన్న కట్టకు అన్యాయం జరిగింది.

మొదట కారే నీటి సంగతి. కట్ట మీద పడే ఒత్తిడికి నీరెంత దూరం పరుచుకుందన్న దానితో పనిలేదు, ఎంత లోతుందన్నదే లెక్క. నాలుగు మీటర్ల లోతున చదరపు మీటరుకు నాలుగు టన్నులు నొక్కుతుంది. ఆ ఒత్తిడికి నీరు కట్టలోకి చొరబడి, వాలుగా దిగి, బయటి పాదం దగ్గర తేమగా తేలుతుంది. ఏ మట్టికట్టలోనైనా ఇది జరిగేదే. మంచి కట్టలో నడుమ జిగట మట్టి ఉంటుంది, దాన్ని హార్టింగ్ అంటారు. రెండు వైపులా గ్రావెల్ కలిసిన మట్టి, అది కేసింగ్. మన నల్లరేగడి నీటిని బాగా ఆపుతుంది, కానీ ఎండితే అరచేయి దూరేంత నెర్రెలిస్తుంది. కాబట్టి దాన్ని లోపల దాచిపెట్టాలి, పైన ఎర్రమట్టో గ్రావెలో కప్పాలి. జానెడు మందాన మట్టి పరిచి, తగినంత తడిపి, దిమ్మిస కొట్టి, ఆ తర్వాతే పై పొర వేయాలి. పూర్వం వడ్డెరలు, ఉప్పరులు పోసిన మట్టిని పశువుల చేత తొక్కించేవారు. ఇప్పుడు రోలరు ఉంది. ఉన్న రోలరును పిలవకుండా ట్రాక్టరు ట్రక్కులతో మట్టి గుమ్మరించి, పైన బ్లేడుతో చదును చేసి, ఫొటో దిగి వెళ్లిపోయిన కట్టలు కొన్ని నేనూ చూశాను. మొదటి వానకే కుంగుతాయవి.

కట్ట ఆరోగ్యం తెలుసుకోవాలంటే పైన నడిస్తే చాలదు, కిందికి దిగి బయటి పాదం వెంట నడవాలి. ఎండాకాలంలో చుట్టూ గడ్డి మాడిపోయినా ఒకచోట తుంగ పచ్చగా ఉంటే దాని కింద ఊట దారి ఉన్నట్టు. ఊట కనబడితే ఒక గాజు గ్లాసుడు పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. తేటగా ఉంటే గుర్తు పెట్టుకుని వారానికోసారి వచ్చి చూసుకోవచ్చు. కలకగా ఉండి, కాసేపటికి గ్లాసు అడుగున మట్టి పేరుకుంటే మాత్రం ఆ రాత్రి నిద్రపోకూడదు. ఆ మట్టి కట్ట కడుపులోంచి వస్తోంది. ఊట దారి బయటి నుంచి లోపలికి తొలుచుకుంటూ పోతుంది, నీటిని అందుకున్న క్షణాన బుంగ పడుతుంది, బుంగ గండి కావడానికి గంటలు చాలు. అలాంటప్పుడు కంగారుగా బయటి వైపు బంకమట్టి తెచ్చి బిరడా వేయడం మన ఊళ్లలో మామూలు. అది ప్రమాదం. అక్కడ మూసుకున్న నీరు పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. చేయాల్సిందేమిటంటే, ముందు ఇసుక, దాని మీద చిన్న కంకర, దాని మీద రాయి. నీటిని పోనివ్వాలి, మట్టిని పోనివ్వకూడదు.

ఈ ఊట ఎక్కువగా తూము వెంటే మొదలవుతుంది. మట్టి, రాయి కలిసే చోట, మట్టి, పైపు కలిసే చోట సందు ఉంటుంది. పాత రాతి తూములకు కొయ్య బిరడా ఉండేది. తర్వాత ఇనుప షట్టర్లు పెట్టారు. హ్యాండిల్ పోయిన షట్టరును గునపంతో ఎత్తడం, దించేటప్పుడు సగంలో ఇరుక్కుపోవడం, ఏడాది పొడుగునా సన్నధారగా నీరు పోతూ ఉండటం ఎన్ని ఊళ్లలో చూడలేదు! తర్వాతది చెట్లు. కట్ట మీద సర్కారు తుమ్మ మొలిచినప్పుడు పీకడానికి ఒక కూలి రోజు చాలు. పదేళ్లు పెరిగాక కొట్టేస్తే వేరు లోపలే కుళ్లి నీటికి సొరంగం వదిలిపోతుంది. ఎండ్రకాయల బొరియలు, చెదపుట్టలు సరేసరి.

అయితే మట్టికట్టలు ఎక్కువగా తెగేది నీరు పైనుంచి పొర్లినప్పుడు. రాతి ఆనకట్ట మీదుగా నీరు దూకినా నిలుస్తుంది, మట్టికట్ట మీదుగా పారితే కోసుకుపోతుంది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టుకు జరిగింది అదే. పైనున్న పింఛ ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ వరద వచ్చి పడింది, ఐదు గేట్లలో ఒకటి లేవలేదు, మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి ఊళ్లు తెల్లవారేసరికి ఇసుక మేటల కింద ఉన్నాయి. గుజరాత్‌లో మచ్ఛు రెండో డ్యామ్ 1979 ఆగస్టు 11న తెగి మోర్బీ పట్టణాన్ని ముంచింది. అక్కడా వరద పొర్లింది ఇరుపక్కలా ఉన్న మట్టికట్టల మీదుగానే.

మన కుంటకు గేట్లు లేవు, అలుగే దాని ప్రాణం. చిన్న లెక్క చెబుతాను. వాన నీరు వచ్చి చేరే ప్రాంతం ఒక చదరపు కిలోమీటరు అనుకోండి. తుఫాను రోజున 100 మిల్లీమీటర్ల వాన పడి, అప్పటికే నానిన నేల మీంచి సగం పరుగెత్తి వచ్చిందంటే 50 వేల ఘనపు మీటర్లు. అది ఐదు గంటల్లో వస్తే దాదాపు 100 క్యూసెక్కులు. అలుగు మీద అడుగు మందాన పారి ఇంత నీరు బయటపడాలంటే అలుగు పొడవు పది మీటర్లు ఉండాలి. ఐదు చదరపు కిలోమీటర్ల నీరు వచ్చే చోట యాభై మీటర్లు. మీ ఊరి అలుగు పొడవెంతో, పైన నీరు ఎంత మేర నుంచి వస్తుందో కొలుచుకుని చూడండి. కొన్నిచోట్ల గుండె గుభేల్మంటుంది.

ఉన్న అలుగునైనా ఉండనిస్తున్నామా? ఇంకో తడికి వస్తుందని ఆయకట్టు రైతు దాని మీద ఇసుక మూటలు పేరుస్తాడు. లోపల పోరంబోకులో కంది వేసినాయన తన పైరు మునుగుతుందని అర్ధరాత్రి వచ్చి ఆ మూటలు లాగేస్తాడు, వీలుంటే అలుగును ఒక రాయి దింపుతాడు కూడా. చేపల గుత్త తీసుకున్నాయన చేపపిల్లలు కొట్టుకుపోకుండా వల కడతాడు, ఆ వలకు కంపా చెత్తా చుట్టుకుని అలుగు సగం మూసుకుపోతుంది. ఎవరి బాధ వారిది, ఎవర్నీ తిట్టలేం. కానీ మూటలు పేర్చిన అడుగు ఎత్తు, కట్టను రక్షించడానికి వదిలిన మీటరు ఎత్తులోంచి తీసుకున్నదేనని ముగ్గురికీ తెలియాలి.

ఇక ఇంకే నీరు. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా వార్త. ఈ వేడికి ఆరుబయట నిలిచిన నీరు ఏడాదిలో ఒకటిన్నర రెండు మీటర్లు ఆవిరవుతుంది. అంటే సగటు లోతు ఒకటిన్నర మీటరున్న కుంటలో నీటిని వేసవి దాకా దాచడం సూర్యుడికి అప్పగించడమే. నేలలోకి దిగిన నీటి మీద ఎండ పనిచేయదు. మనం ముందు చెప్పుకున్న కుంటనే తీసుకోండి. దాని లక్షన్నర ఘనపు మీటర్లతో వరి పండించబోతే, ఎకరానికి దాదాపు ఐదు వేల ఘనపు మీటర్లు కావాలి. ఆవిరి, ఊట పోను పదిహేను ఎకరాలు పండితే గొప్ప. అదే నీటిలో మూడో వంతు ఇంకి, అందులో సగమే మళ్లీ బావుల్లో తేలిందనుకుందాం. పాతిక వేల ఘనపు మీటర్లు. మిరపకు ఒక తడి అంటే ఎకరానికి రెండు వందల ఘనపు మీటర్లు. అరవై ఎకరాల మిరపకు రెండేసి తడులు వస్తాయి. జనవరి, ఫిబ్రవరిలో కాయ మీదున్న తోటకు ఆ రెండు తడులు అందడానికీ అందకపోవడానికీ మధ్య తేడా ఎంతో గుంటూరు యార్డుకు బస్తాలు తోలినవారికి తెలుసు. పైగా వానాకాలంలో కుంట నిండి, ఇంకి, మళ్లీ నిండితే ఈ లెక్క పెరుగుతుంది. వరి చెరువుకు తొందరగా ఖాళీ అవడం రోగం. ఇంకుడు కుంటకు అదే ఆరోగ్యం. మహారాష్ట్రలో 1972 కరువు పనుల కింద వందల కొద్దీ ఇలాంటి కుంటలు తవ్వారు. వాటికి ఆయకట్టు అని ఒకటి ఉండదు, చుట్టుపక్కల బావులే ఆయకట్టు.

మన చట్టానికి ఈ సంగతి ఎక్కలేదు. పూర్వం చెరువు కట్టి కాపాడినవారికి దశబంధం మాన్యాలుండేవి. కంపెనీ రోజుల్లో 1858లో చేసిన చట్టం, చెరువు తెగబోతుంటే ఒంట్లో సత్తువ ఉన్న కూలి జనమంతా వచ్చి పనిచేయాల్సిందేనని చెప్పింది. అది వెట్టే, దాన్ని మెచ్చుకోను. కానీ ఆపద వేళ కట్ట దగ్గర ఎవరుండాలో దానికి తెలుసు. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. మంచి చట్టమే. అందులో ఓటు ఆయకట్టుదారుడిది. కుంట వల్ల బావిలో నీరు పెరిగిన రైతు ఆయకట్టులో లేడు కాబట్టి అతనికి ఓటు లేదు, బాధ్యతా లేదు. ఆయకట్టు సున్నా అయితే సంఘమే లేదు. నీటితీరువా రాదు, మరమ్మతుకు పద్దు లేదు. పైగా సాగర్ కుడి కాలువ 203 కిలోమీటర్లు పారి పదకొండు లక్షల ఎకరాల పైచిలుకుకు నీరివ్వడం మొదలయ్యాక, ఊళ్లో పెత్తనం ఉన్నవారి చూపంతా కాలువ వైపు తిరిగింది. లస్కరు ఎక్కడున్నాడు, షట్టరు ఎప్పుడెత్తుతారు, చివరి భూములకు అందుతుందా, ఇవే మాటలు. కాలువ అందని మెరకలో కుంటకు మాట్లాడేవారు లేకుండా పోయారు.

పూడికతీత పథకాలు రాకపోలేదు. నీరు–మీరు వచ్చింది, నీరు–చెట్టు వచ్చింది, ఉపాధి హామీ పనులు ఉన్నాయి. ఒండ్రు మట్టి పొలాలకు తోలుకోవడం వల్ల మేలే జరిగింది. అయితే పొక్లెయినుకు దగ్గరి దారి ఇష్టం. కట్టకు ఆనుకునే లోతుగా తవ్వేసి ట్రక్కు నింపుతుంది. అక్కడ ఏళ్ల తరబడి పేరుకున్న బంకపొరే కట్ట అడుగున నీరు దూరకుండా ఆపుతున్నది. దాన్ని తీసేస్తే కట్ట పాదం కిందుగా నీరు దారి చేసుకుంటుంది. ఇంకించాలనుకున్న చోట తవ్వక, ఆపాలనుకున్న చోట తవ్వడమంటే ఇదే. కట్ట ఎత్తుకు కనీసం ఐదారు రెట్ల దూరం వదిలి, లోపల నడిమి భాగంలో, వాగు వచ్చి కలిసే వైపు తవ్వాలి. ఎస్టిమేటులో ఘనపు మీటర్లు రాస్తారు గాని ఎక్కడ తవ్వాలో గీత గీయరు. ఆ గీత గీయించుకోవడానికి జీవో అక్కర్లేదు, పని మొదలయ్యే రోజు పొద్దున్నే ఇద్దరు రైతులు సున్నం డబ్బా పట్టుకుని వెళ్తే చాలు.

మన మండలానికి నేను కోరేది పెద్ద పట్టికేం కాదు. ప్రతి కుంట కింద అర కిలోమీటరు దూరంలో ఉన్న బావులు, బోర్ల యజమానులను దాని ఆయకట్టుదారులుగా పంచాయతీ రాసుకోవాలి. వాళ్లలోంచే ఒకరికి అక్టోబరు, నవంబరు తుఫాన్ల రెండు నెలలూ అలుగు కాపలా అప్పగించి, ఆ కూలి బావుల వాళ్లే ఎకరాల లెక్కన పంచుకోవాలి. ఒక నోటుబుక్కులో కుంట మట్టం ఒక పక్క, నాలుగు బావుల మట్టం మరో పక్క వారానికోసారి రాసుకుంటే రెండు మూడేళ్లలో ఏ కుంట ఏ బావికి నీరిస్తోందో తేలుతుంది. ఏ బావికీ ఇవ్వని కుంటలు కూడా కొన్ని తేలతాయి. వాటి మీద డబ్బు పెట్టొద్దు. నీరు ఎక్కడో సొరంగంలో పడి నేరుగా కృష్ణకు పోతున్నట్టు లెక్క. పాత చెరువు కాబట్టి బాగుచేసి తీరాలన్న మోజు నాకు లేదు.

సున్నపురాయి క్వారీలు లోతుకు పోయిన కొద్దీ ఆ గుంటల్లోంచి నీరు తోడిపోస్తుంటే ఈ కుంటల ఫలం ఏమవుతుందని సభకు ముందే మోర్జంపాడు రైతులు ఇద్దరు ముగ్గురు అడిగారు. అది కష్టమైన ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న. గుంట అడుగు బావి మట్టానికి దిగువన ఉంటే నీరు గుంటలోకే దిగుతుంది, అంతవరకు సందేహం లేదు. ఆ తోడిపోసే నీరు ఏ వాగులో కలుస్తోందో, దాన్ని కుంటలోకి మళ్లించే వాలు ఉందో లేదో అక్కడికి వెళ్లి చూడాలి. చర్చ అక్కడి నుంచే మొదలుపెడదాం. వాళ్లను ముందుకు రమ్మనండి.